రెండున్నర సెంటీమీటర్లు

భీమవరంలో తాతాజీ అన్న పేరు వీధికి ఒకరికైనా ఉంటుంది. ఐసు తాతాజీ అంటే మాత్రం ఒక్కడే. రొయ్యల లారీలకు ఐసు వేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇద్దరు పట్టాల్సిన ఐసు దిమ్మని కొక్కెంతో ఒక్కడే లాగి, పలక మీదుగా లారీలోకి ఎక్కించేసేవాడు. చొక్కా ఉండేది కాదు. వీపు మీద నీళ్ళు కారుతుంటే లారీ డ్రైవర్లు బీడీ వెలిగించుకుని మరీ నిలబడి చూసేవారు.

మేమిద్దరం ఒకే వీధిలో పుట్టి, పదో తరగతి దాకా ఒకే బెంచీలో కూర్చున్నాం. వాడు పది తప్పి ఐసులోకి వెళ్ళాడు. నేను టైపు నేర్చుకుని ఒక స్కానింగ్ సెంటర్లో కుదిరాను. డాక్టరమ్మ దేవిశ్రీగారు స్కాన్ చేస్తూ చెప్పింది రాసుకుని, రిపోర్టు టైపు చేసి ఇవ్వడం నా పని. ఈ కథలో నా పాత్ర అంతే అని చాలాకాలం అనుకున్నాను.

వాణ్ణి వ్యాయామశాలకు తీసుకెళ్ళింది వెంకటరాజుగారు. ఆయనకు రొయ్యల చెరువులుండేవి. ఒకప్పుడు దేహదారుఢ్య పోటీల్లో కప్పులు గెలిచిన మనిషి. పాత బియ్యం గోదాములో నాలుగు బల్లలూ, తుప్పు పట్టిన ప్లేట్లూ పెట్టి కుర్రాళ్ళకు ఉచితంగా నేర్పేవారు. అందరూ మాస్టారు అనేవారు. తొంభై నాలుగులో ఒకరోజు ఐసు కోసం వచ్చి, తాతాజీని చూసి ఆగిపోయారట.

"ఈ భుజాలు దేవుడిచ్చాడా, ఐసు ఇచ్చిందా?"

"ఆయ్, ఇద్దరూ తలో చెయ్యీ వేశారండి" అన్నాడట వీడు.

మర్నాటి నుంచీ పని దిగాక గోదాముకు వెళ్ళడం మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి జిల్లా పోటీల్లో రెండో స్థానం వచ్చింది. వెండిరంగు కప్పు పట్టుకుని వీధంతా తిరిగాడు. మా అమ్మ చేతికి కూడా ఇచ్చి, "పట్టుకోండత్తా, ఎంత తేలికో" అన్నాడు. పక్క ఏడాది రాష్ట్ర పోటీలకు వెళ్ళి ఆరోవాడిగా తిరిగొచ్చాడు. రైల్లో పొద్దున్నే దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా మా అరుగు మీద కూర్చున్నాడు.

"వాళ్ళు మనలాంటోళ్ళు కాదు రమేషూ. పక్కన నిలబడితే నేను కర్రపుల్లలా ఉన్నాను. ఏం తింటారో ఏంటో!"

ఏం తింటారో మాస్టారికి తెలుసు. "అన్నం, గుడ్లతో ఇంతవరకే వస్తుందిరా. ఆపైన మందుండాలి" అన్నారు. రక్తం తక్కువైన రోగులకిచ్చే చిన్న మాత్రలు, మంచానపడి చిక్కిపోయిన వాళ్ళకు బలానికి వేసే నూనె ఇంజక్షను. మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చేవారు. రోగికి మూడు వారాలకొకసారి వేసేది వీళ్ళు వారానికి రెండుసార్లు వేసుకునేవారు. మాత్రలైతే గుప్పెడు. నాకు చూపించినప్పుడు, "డాక్టర్లు రోగులకిచ్చేదే కదరా, విషమైతే ఇత్తారా?" అన్నాడు. నాకూ అది నిజమే అనిపించింది. నా చేత్తో కూడా ఒకసారి షాపు నుంచి తెచ్చిపెట్టాను.

తొంభై ఆరులో పెళ్ళయింది. నాగదుర్గది పెనుగొండ. జాకెట్లు కుట్టేది. మాట తక్కువ, చూపు ఎక్కువ. పెళ్ళైన ఏడాదికే తాతాజీ జిల్లాలో మొదటివాడయ్యాడు. ఫొటో స్టూడియో వాళ్ళు వాడి నిలువెత్తు బొమ్మ షాపు ముందు అద్దంలో పెట్టారు. కాలేజీ కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళు ఆపి చూసేవారు.

ఆ బొమ్మలో కనబడనివి నాగదుర్గకు కనబడేవి. వీపు నిండా పుండ్లలాంటి మొటిమలు. దిండు గలీబుకు రోజూ చీము మరకలు. ఛాతీ మీద చనుమొనల కింద గట్టి బిళ్ళలు, బనీను తగిలినా నొప్పి. అన్నిటినీ మించి కోపం. పులుసులో ఉప్పెక్కువైందని కంచం గోడకేసి కొట్టి, ఐదు నిమిషాలకు తనే మెతుకులు ఏరుతూ ఏడ్చేవాడు. "నేను కాదు దుర్గా, నాకేదో అయిపోతంది" అనేవాడు. తనకేమవుతోందో అంత సరిగ్గా చెప్పి కూడా, మర్నాడు మళ్ళీ వేసుకునేవాడు.

మూడేళ్ళు గడిచినా పిల్లలు లేరు. తాతాజీ తల్లి చిట్టెమ్మ కోడల్ని వెంటబెట్టుకుని తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో మా సెంటరుకు వచ్చింది. అంత మగాడి పక్కన లోపం ఆడదానిదే అయ్యుంటుందని ఆవిడ నమ్మకం. నాగదుర్గకు స్కాన్ చేసి డాక్టరమ్మ, "ఈ అమ్మాయికేం లేదు, అబ్బాయిని పంపండి" అన్నారు.

తాతాజీ నాగదుర్గతో వచ్చాడు. ముందు ల్యాబులో పరీక్ష చేశారు. వీర్యకణాలు సున్నా. ఆ కాగితం చూసి వాడు నవ్వబోయి నవ్వలేకపోయాడు. చేత్తో కుడి డొక్క నొక్కుకుంటున్నాడు. డాక్టరమ్మ గమనించి ఏమైందని అడిగారు.

"రాడ్డు తగిలిందండి. రెండు నెలలైంది. బరువుగా ఉంటంది."

"పడుకో, చూస్తాను."

నేను పక్కన బల్ల దగ్గర కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఎవరికైనా కాలేయం గురించి ఆవిడ చెప్పే వాక్యం ఒకటే ఉంటుంది, మామూలుగా ఉందని, సగం నేను ముందే రాసేసుకుంటాను. ఆ రోజూ రాసుకున్నాను. ఆవిడ చెయ్యి డొక్క కింద ఒకచోట ఆగి, అక్కడక్కడే తిరిగింది.

"అది కొట్టెయ్యి రమేష్" అన్నారు. తర్వాత వాడి వైపు తిరిగి, "తాగుతావా బాబూ?" అని అడిగారు.

"ముట్టనండి. టీ కూడా మానేశాను."

"కండల కోసం మందులేమైనా వాడుతున్నావా?"

తాతాజీ నా వైపు చూశాడు. నేను కాగితంలోకి చూశాను.

గడ్డ ఏడు పాయింట్ ఎనిమిది సెంటీమీటర్లు. డాక్టరమ్మ వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. ఆ మందులన్నీ కాలేయమే అరిగించుకోవాలి, ఏళ్ళ తరబడి అన్నేసి వేస్తే అందులో ఇలా గడ్డలు కట్టొచ్చు. చూడ్డానికి కేన్సర్‌లా లేదు, కానీ కాదని ఒట్టేయలేను. గడ్డ నిండా రక్తమే, పగిలిందా మనిషి దక్కడం కష్టం. మందులు పూర్తిగా ఆపేస్తే కొందరిలో చిన్నదవుతుంది. బిడ్డలు కూడా అప్పుడే, ఏడాదో రెండేళ్ళో పట్టొచ్చు.

"ఆపేత్తానండి" అన్నాడు తాతాజీ వెంటనే. విశాఖపట్నంలో పెద్ద డాక్టరుకు చూపిస్తే ఆయనా ఇదే చెప్పి, ఆరు నెలల తర్వాత మళ్ళీ స్కాన్ చేయించి రమ్మన్నాడు. తగ్గకపోతే ఆపరేషన్.

వాడు నిజంగానే ఆపేశాడు. ఆ ఆరు నెలలు ఎలా ఉంటాయో మాత్రం మాకెవరూ చెప్పలేదు. గాలి తీసిన ట్యూబులా ఒళ్ళు జారిపోయింది. పొద్దెక్కినా లేచేవాడు కాదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. శరీరం తనంతట తాను మగతనపు రసం చేసుకోవడం ఏనాడో మానేసిందని, మళ్ళీ మొదలుపెట్టడానికి టైము పడుతుందని డాక్టరమ్మ నాకు చెప్పారు. అది వాడికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. బజారులో కనబడినవాళ్ళంతా, "ఏంటండీ తాతాజీగారూ, షుగరేమైనా వచ్చిందాండీ?" అని అడిగేవారు. స్టూడియో ఉన్న వీధి మానేసి చుట్టూ తిరిగి ఫ్యాక్టరీకి వెళ్ళేవాడు. అక్కడ ఇప్పుడు దిమ్మకి ఇద్దరు కావాలి.

సెప్టెంబరులో రెండో స్కాన్ తీశారు. ఐదు పాయింట్ మూడు.

డాక్టరమ్మ ముఖం విప్పారింది. నేను ఆగలేకపోయాను. ఆవిడ ఇంకా పిలవకముందే బయటి బెంచీ దగ్గరకు పరిగెత్తి, "రెండున్నర సెంటీమీటర్లు తగ్గిందిరా!" అన్నాను. తాతాజీ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. నాగదుర్గ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ అమ్మాయి నవ్వగా నేను చూడటం అదే మొదలు.

లోపలికి పిలిచి డాక్టరమ్మ అన్నారు: "సంతోషమే. కానీ గడ్డ ఇంకా ఉంది, పగిలే భయం పోలేదు. మందు జోలికి వెళ్ళొద్దు, బరువులు ఎత్తొద్దు." తాతాజీ తల ఊపుతూనే ఉన్నాడు. వాడి చెవిలో అప్పటికే నేను చెప్పిన అంకె ఉంది. ఆ తర్వాత ఆవిడ చెప్పినదేదీ అందులో పట్టలేదు.

నవంబరులో ఒక మధ్యాహ్నం నాగదుర్గ సెంటరుకు వచ్చింది. జాకెట్టు గుడ్డలో చుట్టిన చిన్న గాజు సీసా నా బల్ల మీద పెట్టింది. ఖాళీది. అడుగున నూనె జిగురుగా మెరుస్తోంది.

"పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టారన్నయ్యా. ఇంకా ఐదున్నాయి."

నేను ఫ్యాక్టరీకి వెళ్ళాను. తాతాజీ లారీ దగ్గర ఉన్నాడు. వీపు మళ్ళీ విచ్చుకుంటోంది. నన్ను చూసి విషయం అర్థమై, పక్కకు తీసుకెళ్ళాడు.

"జనవరిలో రాజమండ్రిలో రాష్ట్ర పోటీలు రమేషూ. మొదటి మూడింట్లో వత్తే స్పోర్ట్స్ కోటాలో ఉజ్జోగం. మాస్టారు ఇదివరకే అన్నారు, కిందటేడు ఒకడికొచ్చిందని. ఆ పైన నా జన్మలో ముట్టుకోను."

"చచ్చిపోతావురా."

"ఎందుకు చత్తాను? ఆరు నెలలు ఆపితే రెండున్నర తగ్గింది కదా. మూడు నెలలు వేసుకుంటే ఎంత పెరుగుద్ది? మళ్ళీ ఆపేత్తే మళ్ళీ తగ్గుద్ది."

"అది లెక్కల పుస్తకం కాదు తాతాజీ!"

"లెక్క చెప్పింది నువ్వేగా" అన్నాడు. వెటకారంగా కాదు, నా తెలివి మీద నమ్మకంతో అన్నాడు.

డాక్టరమ్మకు చెబితే కబురు పెట్టారు. వాడు రాలేదు. మాస్టారి దగ్గరకు వెళ్ళి అరిచాను. ఆయన ఎదురు అరవలేదు. "ఆ గడ్డ సంగతి తెలిసిన రోజే నేను ఆపేశానండి రమేష్‌బాబుగారూ. గోదాముకు రావద్దని కూడా చెప్పేశాను. వాడే కొనుక్కుంటున్నాడు. షాపులో ఎవరికైనా ఇచ్చేత్తారు" అన్నారు. మందుల షాపులకు వెళ్ళి ఇవ్వొద్దని బతిమాలాను. ఊళ్ళో ఎన్ని షాపులున్నాయో ఆ రోజే తెలిసింది. నాగదుర్గ సీసాలు దొరికితే పగలగొట్టేది, వాడు మళ్ళీ తెచ్చేవాడు. అలిగి పెనుగొండ వెళ్ళింది. నాలుగు రోజులకు తిరిగొచ్చేసింది.

"అక్కడుంటే ఇక్కడేమవుతందోనని ప్రాణం ఉండట్లేదన్నయ్యా. ఇక్కడుంటే కళ్ళతో చూడొచ్చు. అంతే, చూడ్డమే" అంది.

రాజమండ్రి పోటీలకు మమ్మల్నిద్దర్నీ రమ్మని బలవంతం చేశాడు. హాలు కిక్కిరిసింది. కండరాల గీతలు తేలాలని రెండు రోజులుగా మంచినీళ్ళు తాగలేదు వాడు. పెదాలు పగిలిపోయాయి. ఒంటికి రంగు, నూనె పూసుకుని వెలుతుర్లోకి వచ్చేసరికి ఈలలు. చేతులు తల వెనక్కి పెట్టి డొక్కలు చూపించే భంగిమ ఒకటుంటుంది. వాడు ఊపిరి బయటికి వదిలి పొట్ట లోపలికి లాగాడు. అందరూ ఆ మెట్లుమెట్ల పొట్ట చూస్తున్నారు. నాగదుర్గా నేనూ కుడి పక్కటెముకల కింద చూస్తున్నాం. లేచి అరవాలనిపించింది. ఏమని అరవను? ఎవరితో అరవను? నాగదుర్గ నా పక్కన రెండు చేతులూ ఒళ్ళో బిగించి కూర్చుంది.

మూడో స్థానం వచ్చింది. సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. రావులపాలెం దాటేదాకా నీళ్ళు తాగుతూనే ఉన్నాడు. "అయిపోయింది దుర్గా. నిన్నటితో ఆఖరు. ఒట్టు" అన్నాడు. ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా.

ఎనిమిదో రోజు, సోమవారం పొద్దున్న, ఫ్యాక్టరీలో కొక్కెం అందుకోవడానికి వంగినవాడు అలాగే కూర్చుండిపోయాడు. డొక్కలో ఏదో తెగినట్టయిందన్నాడట. ఐసు నీళ్ళలోనే పడుకోబెట్టారు. నేను వెళ్ళేసరికి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ రంగు మనిషి ముఖంలో నేనెన్నడూ చూడలేదు. పాలిపోయి, చెమటతో చల్లగా ఉన్నాడు. పొట్ట బిగుసుకుపోయింది. డాక్టరమ్మ పరుగున వచ్చి చూసి, "పగిలింది. రక్తం ఎక్కిస్తూ విజయవాడ తీసుకెళ్ళాలి, వెంటనే" అన్నారు.

గోదాము కుర్రాళ్ళు పదకొండు మంది వచ్చారు. అందరూ కండలు తిరిగినవాళ్ళే, అందరూ రక్తం ఇస్తామని చొక్కా చేతులు పైకి మడిచారు. రక్తం తీసేవాయన వరుస చూసి ఒక్క ప్రశ్న అడిగాడు: "ఒకే సూదితో ఇద్దరు ముగ్గురు ఇంజక్షన్లు చేసుకున్నవాళ్ళెవరైనా ఉంటే పక్కకి రండి. కామెర్ల జబ్బు అంటుకుంటుంది."

ముందు ఒకడు పక్కకు వచ్చాడు. తర్వాత ఇద్దరు. చివరికి ఏడుగురు గోడవారగా నిలబడ్డారు, మడిచిన చేతులు దించుకుంటూ. వాళ్ళలో ఇద్దరికి ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు. మిగిలిన నలుగురూ, నేనూ, లారీ డ్రైవరొకతనూ ఇచ్చాం.

విజయవాడలో కాలేయం సగం కోసి తీసేశారు. బతికాడు. పన్నెండు రోజుల తర్వాత ముక్క పరీక్ష రిపోర్టు వచ్చింది. గడ్డ చాలావరకు మామూలు గడ్డే. మధ్యలో ఒకచోట మాత్రం కేన్సర్ మొదలైంది. అది ఎప్పుడు మొదలైందో, ఆ మూడు నెలల్లోనా, అంతకుముందేనా, ఎవరూ చెప్పలేమన్నారు. పగిలినప్పుడు రక్తంతోపాటు పొట్టంతా చిమ్మి ఉండొచ్చన్నారు.

ఆ వేసవిలో స్పోర్ట్స్ కోటా ప్రకటన పేపర్లో పడింది. కబడ్డీ ఉంది, కుస్తీ ఉంది, వెయిట్ లిఫ్టింగ్ ఉంది. దేహదారుఢ్యం లేదు. తాతాజీ ఆ ప్రకటన నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. "కింద చిన్నక్షరాల్లో ఉందేమో చూడు" అన్నాడు. చిన్నక్షరాల్లో వయసు, దరఖాస్తు పంపాల్సిన చిరునామా ఉన్నాయి.

ఆపరేషన్ తర్వాత పద్నాలుగు నెలలున్నాడు. మూడు నెలలకొకసారి స్కాన్. మొదటిది శుభ్రంగా ఉంది. రెండోదాంట్లో రెండు చుక్కలు. నాలుగోసారి డాక్టరమ్మ కొలతలు చెప్పడం మానేసి, "చాలా ఉన్నాయి అని రాయి" అన్నారు. నేనిక బయటికి పరిగెత్తలేదు. రిపోర్టు కవరులో పెట్టి, అతికించి, నాగదుర్గ చేతికిచ్చేవాణ్ణి. ఆ పిల్ల విప్పేది కాదు.

ఒక సాయంత్రం వాడి మంచం పక్కన కూర్చున్నాను. చేతులు పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం నీళ్ళతో ఉబ్బింది. చాలా రోజులుగా గొంతులో ఉన్నది అడిగేశాను.

"ఆ రోజు నేను తగ్గిందని ఎగిరి గంతేసి చెప్పకపోతే, నువ్వు మళ్ళీ మొదలెట్టేవాడివి కాదు కదరా?"

తాతాజీ పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు.

"తగ్గకపోయినా వేసుకునేవోణ్ణేమో రమేషూ. పెద్దదైతే ఎలాగూ పోతాననుకుని వేసుకునేవోణ్ణి. ఆ ఆరు నెలలూ ఉన్నానే, మంచం మీద, ఎందుకూ పనికిరానోడిలా... మళ్ళీ అలా ఉండటం నా వల్ల కాలేదు. చచ్చిపోవడం గురించి ఆలోచించలేదు. అలా ఉండకూడదని ఆలోచించాను."

నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజమే చెప్పాడో నాకిప్పటికీ తెలీదు. మజ్జిగ కావాలన్నాడు. రెండు గుక్కలు తాగి నిద్రపోయాడు. రెండు వేల ఒకటి ఏప్రిల్లో, మిట్టమధ్యాహ్నం, నాగదుర్గ కాళ్ళు పడుతూ ఉండగా పోయాడు. ముప్ఫై ఏళ్ళు.

నాగదుర్గ పెనుగొండ వెళ్ళిపోలేదు. చిట్టెమ్మకు ఇంకెవరూ లేరు. అత్తాకోడళ్ళు ఒకే ఇంట్లో, ఒకరు కుడుతుంటే ఒకరు గుండీలు కుడుతూ బతికారు. చిట్టెమ్మ ఒక్కసారి మాత్రం నా దగ్గర అంది: "దీన్ని ఎన్ని మాటలన్నానో నాయనా, గొడ్రాలని. దీనికేం లేదని మీ డాక్టరమ్మ చెప్పిన రోజైనా కాళ్ళ మీద పడాల్సింది."

వాడు పోయిన నెల తర్వాత వెంకటరాజుగారు మా సెంటరుకు వచ్చారు. గోదాముకు తాళం వేసేశారని అప్పటికే విన్నాను. తెరిచే ఉన్నా లాభం లేదు, ఊళ్ళో కొత్తగా రెండు జిమ్ములు వచ్చాయి, కుర్రాళ్ళు అక్కడికెళుతున్నారు. ఆయన నా బల్ల ముందు నిలబడి, చుట్టూ చూసి, గొంతు తగ్గించారు.

"నేను పదకొండేళ్ళు వేసుకున్నానండి. నాకు నేర్పినాయన ఇచ్చాడు, నేను వేసుకున్నదే వాడికిచ్చాను. నాకేం కాలేదు కదా అనుకున్నాను. ఒకసారి చూపించుకుందామని..."

పేరు రాసుకున్నాను. వయసు యాభై ఒకటి. బెంచీ మీద కూర్చోమన్నాను. ముందు ముగ్గురున్నారు. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, స్కాన్ గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలికి చూస్తూ కూర్చున్నారు. రెండో మనిషి బయటికొచ్చేసరికి బెంచీ మీద లేరు. వీధిలోకి వెళ్ళి చూశాను. స్కూటరు స్టార్టు చేస్తున్నారు.

"మీ వంతు వచ్చేస్తోందండి" అన్నాను.

"రేపొస్తానండి" అన్నారు.

రాలేదు. రెండుసార్లు ఇంటికి వెళ్ళి అడిగాను. రెండుసార్లూ కాఫీ ఇచ్చి, వచ్చే వారం తప్పకుండా వస్తానన్నారు.